నల్లకారు అభ్యంగనం

పెళ్ళయిన 19 ఏళ్ళలో నేను కడిగిన గిన్నెల లెక్క మా ఆవిడ దగ్గరుంది. ఏడు. వాటిలో రెండు పగిలాయి కాబట్టి అయిదే అంటుంది. అలాంటివాణ్ణి, ఆదివారం పొద్దున్న ఆరింటికి అపార్ట్‌మెంటు గేటు పక్క లుంగీ ఎగ్గట్టి, ఓ చేతిలో పిచికారీ సీసా, భుజాన మెత్తటి నీలం గుడ్డ వేసుకుని, తలంటిన పిల్లకి సాంబ్రాణి పొగ వేసే బామ్మలా కారు చుట్టూ తిరుగుతుంటే ఆవిడ మటుకు ఏమనుకోవాలి? రెండో అంతస్తు బాల్కనీలోంచి ఒక్క మాటే అంది. "ఏమండీ, ఆ చేత్తోనే పైకొచ్చి గ్యాస్ స్టవ్వు కూడా తుడిచిపెట్టండి."

వినపడనట్టు నటించాను. బానెట్ తుడుస్తున్నవాడికి చెవులు పనిచేయవు.

అసలు తప్పు రంగు దగ్గర జరిగింది. షోరూములోనే మామగారు చెప్పారు, "నలుపొద్దు అల్లుడుగారూ, పిట్ట రెట్టేసినా ఊరంతా కనపడుద్ది" అని. నలుపులో హుందాతనం ఉంటుందన్నాను. ఉంటుంది, కడిగిన అరగంట దాకా. ఆ తర్వాత హుందాతనం మీద నిజాంపేట దుమ్ముంటుంది. దుమ్ముదేముంది, దులిపితే పోతుంది. నా పేచీ అంతా కడిగాక తేలే తెల్లమచ్చలతో.

మా బోరునీళ్ళ గొప్పతనం మా ఆవిడ చెప్పాలి. వాటితో ఎసరు పెడితే కందిపప్పు కుక్కర్ ఎన్నిసార్లు కూసినా పలుకుపలుకుగానే దిగుతుంది. గీజరు కాయిలుకి సున్నం పట్టి ఏడాదికోసారి చస్తుంది. కొళాయి మూతికి విభూతి రేఖలు. తాగే నీళ్ళలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకుండా ఉంటే మేలనీ, వేరే దిక్కు లేకపోతే 600 దాకా సర్దుకొమ్మనీ మన భారతీయ ప్రమాణం. మా అసోసియేషన్ వాళ్ళు ఓసారి పరీక్ష చేయించి, ఆ కాగితం నోటీసుబోర్డు మీద మూడు గంటలుంచి తీసేశారు. అంటే 600 ఎప్పుడో దాటిందని నా అంచనా. ఆ నీళ్ళు కారు మీద పోసి ఆరనిస్తే నీరు ఆవిరై తన దారిన తాను పోతుంది. అందులోని కాల్షియం, మెగ్నీషియం మాత్రం ఖాళీ చేయమంటే చేయని అద్దెవాళ్ళలా అక్కడే కాపురం పెడతాయి. పైన ఎండ తగిలిందంటే పెయింటుకు కాటు కూడా పెడతాయి.

చివరి కడుగుడికి మంచినీళ్ళు పోస్తే మచ్చలుండవని ఎవరైనా చెబుతారు. మంజీరా నీళ్ళు కారుకి పోస్తే నాకు మధ్యాహ్నం భోజనం ఉండదు. అందుకని తెలివిగా ఆలోచించాను. వంటింట్లో ఆర్వో ఫిల్టరు పక్కగొట్టంలోంచి కారే నీళ్ళు మా ఆవిడ ఇల్లు తుడవడానికి బకెట్లో పడుతుంది. ఫిల్టరులోంచి వచ్చిన నీళ్ళేగా, శుద్ధంగా ఉంటాయనుకుని ఆ బకెట్ ఎత్తుకుపోయి కారు నెత్తిన గుమ్మరించాను. మంచినీళ్ళలోంచి తీసేసిన ఉప్పంతా పోగయ్యేది ఆ పక్కగొట్టం నీళ్ళలోనేనని తర్వాత తెలిసింది. ఇంజనీరింగు చదివాను నేను. ఆ రోజు కారుకి మచ్చలు కాదు, బొల్లి వచ్చినట్టయింది. పైన మా ఆవిడ బకెట్ కోసం వెతుకుతోంది.

కాబట్టి మిగిలిన దారి ఒక్కటే: నీళ్ళు ఆరేలోగా తుడిచెయ్యడం. అంతకుముందు ఆ పని మా వాచ్‌మన్‌ది. ఒక బకెట్టు, ఒక పసుపు గుడ్డ, తొమ్మిది కార్లు, ఏడింటికల్లా అయిపోవాలి. మొదటి కారు మట్టి తొమ్మిదో కారుకి పాలిష్‌గా పనిచేసేది. మాది తొమ్మిదోది. పెయింటు మీద ఉండే పారదర్శకమైన పూత మందం సుమారు 40, 50 మైక్రాన్లేననీ, మామూలుగా తలవెంట్రుకే అంతకంటే లావనీ అతనికి వివరించాను. అతను నా తలకేసి చూశాడు. అక్కడ వెంట్రుకల ఉదాహరణ చెల్లదని నాకూ అర్థమైంది. "ఇక నా కారు నేనే తుడుచుకుంటాలే" అన్నాను. నెలజీతం మాత్రం ఇస్తూనే ఉన్నాను, ఇది మా ఆవిడకి చెప్పని మొదటి సంగతి.

రెండోది సీసా ధర.

స్ప్రే వ్యాక్స్ అంటే పల్చటి మైనపు పాలు. కడిగిన కారు ఇంకా తడిగా ఉండగానే ఒక్కో రేకు మీద ఒకటో రెండో సార్లు పిచికారీ కొట్టి, మైక్రోఫైబర్ గుడ్డతో లాగెయ్యాలి. తడి గుడ్డలోకి పోతుంది. మైనం వల్ల గుడ్డ జారుతుంది కనుక మిగిలిన ఇసుకరేణువేదైనా ఉన్నా గీత అంతగా పడదు. వెనకాల సన్నటి పొర ఒకటి మిగిలి మెరుస్తుంది. తుడవడం, మైనం పట్టించడం ఒక దెబ్బకే అయిపోతాయన్నమాట. రెండు పనులు ఒకటిగా చేస్తానంటే నాలాంటి బద్ధకస్తుడు ఆరువందల యాభైకి ఒక్క రూపాయి తక్కువైనా ఆలోచించడు. మా ఆవిడతో మాత్రం "నూట యాభై" అన్నాను. ధర చీటీని లిఫ్ట్‌లోనే గోటితో గీకేశాను.

సీసా మీద కార్నౌబా మైనం ఉందని పెద్దక్షరాల్లో రాశారు, ఎంత ఉందో ఏ అక్షరాల్లోనూ రాయలేదు. బ్రెజిల్ ఈశాన్యంలో, సియరా, పియవీ రాష్ట్రాల వైపు పెరిగే ఓ తాటిజాతి చెట్టు ఎండకు తన ఆకుల్లో తడి పోకుండా మైనం పూసుకుంటుంది. ఆ ఆకులు కోసి, ఎండబెట్టి, దులిపితే పొడిగా రాలుతుంది. 80 డిగ్రీలు దాటితే గానీ కరగదు. పిల్లలు తినే రంగు మిఠాయి బిళ్ళల మెరుపు కూడా చాలావాటికి దీనిదే. ఇదంతా మా ఆవిడకి ఉత్సాహంగా చెప్పి, తామరాకు మీద నీటిబొట్టు ఎందుకు నిలవదో జర్మనీ వృక్షశాస్త్రజ్ఞులు బార్ట్‌లాట్, నైన్‌హాయిస్ 1997లో పెద్ద వ్యాసం రాశారనీ, ఆకు మీది సన్నటి బుడిపెలూ మైనమూ కలిసి చేసే పని అదనీ ముగించాను. "తామరాకు మీద నీటిబొట్టులా ఉండమని మా నాయనమ్మ ఏ మైనమూ కొనకుండానే చెప్పేది" అంది ఉల్లిపాయలు తరుగుతూ.

మొదటి ఆదివారం సీసా మీది సూచనలు చదవలేదు. సూచనలు చదివేది విఫలమయ్యాక కదా. పది గంటల ఎండలో, బానెట్ మీద దోశె వెయ్యొచ్చన్నంత వేడిలో, పాతిక పిచికారీలు కొట్టాను. ఒకటో రెండో అంటే కంపెనీవాళ్ళు పిసినారితనం చేస్తున్నారనుకున్నాను. మైనం పాలు ఎక్కడివక్కడ ఎండి చారలు కట్టాయి. పొర్లుదండాలు పెట్టిన భక్తుడి వీపులా తయారైంది కారు. ఆ చారలు వదిలించడానికి మళ్ళీ కడిగి, మళ్ళీ తుడిచి, పదకొండున్నరకి తల ఎత్తితే వాచ్‌మన్ కుర్చీ తెచ్చుకుని కూర్చుని ఉన్నాడు. "సారూ, తొమ్మిదింటికి కడిగారు, ఇంకా ఆరలేదాండి?" అన్నాడు, నిజమైన జాలితో. నేను మాట్లాడబోతుంటే అంతా తుడిచిన డోరు మీదికి సైడుమిర్రర్ సందులోంచి ఒక్క నీటిధార జారింది. అద్దాల సందుల్లో నీళ్ళు దాక్కుంటాయి, మనం గుడ్డ పిండి ఆరేశాక బయటికొస్తాయి. పిల్లాడికి ఒళ్ళు తుడిచి పౌడరేశాక వాడు మళ్ళీ గంగాళంలో కాలు పెట్టినట్టు.

గుడ్డ కథ వేరే. మైక్రోఫైబర్ గుడ్డ అంటే పాలియెస్టర్, పాలియమైడ్ పోగుల్ని సన్నగా చీల్చి నేసేది, ఆ చీలికల్లోకి నీరు లాక్కుంటుంది. దాన్ని బట్టల్ని మెత్తబరిచే వాసన ద్రావకంలో ముంచితే పోగులకి పొరపట్టి పీల్చడం మానేస్తుంది. మా గుడ్డ మూడో వారానికి నీళ్ళను అటూ ఇటూ నెట్టడం తప్ప తాగడం మానేసింది. "నా గుడ్డని నీ చీరలతో కలిపి ఉతికేశావు" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. ఆ గుడ్డని మెషీన్లో వేసిందీ, మల్లెపూల వాసన వస్తుంది కదా అని రెండు మూతల ద్రావకం పోసిందీ నేనే. ఇది మూడో సంగతి.

ముందు అద్దం మీద కొట్టకూడదని కూడా సీసా మీదే ఉంది. కొట్టాను. ఆ సాయంత్రమే అత్తయ్యగారిని స్టేషన్ నుంచి తెస్తుంటే వాన. వైపరు అద్దం మీద గజగజ వణుకుతూ కీచుమంటోంది, ఎదుటి బండ్ల లైట్లు దసరా విద్యుద్దీపాల్లా చెదిరిపోతున్నాయి. పక్కకి ఆపాను. తుడవడానికి ఏదైనా ఇమ్మంటే వెనక సీట్లోంచి అత్తయ్యగారు పెద్దమనసుతో ఓ కాగితం అందించారు. చీకట్లో రుద్దేశాను. అది ఆవిడ ఊరి నుంచి తెచ్చిన చేగోడీల పొట్లం కాగితం. మైనం మీద వేరుశెనగ నూనె. వాన తగ్గేదాకా మెట్రో పిల్లరు పక్కన కూర్చుని చేగోడీలు తిన్నాం. బాగున్నాయి.

ఇన్ని చెప్పాక ఒక్క విజయమైనా చెప్పుకోకపోతే ఎలా? నాలుగో నెలకి పని పట్టుబడింది. నీడలో, చల్లటి రేకు మీద, పైనుంచి కిందికి, రెండే పిచికారీలు. ఆ రాత్రి వాన కురిసి వెలిసింది. బానెట్ నిండా గుండ్రటి ముత్యాలు! మా ఆవిణ్ణి పన్నెండింటికి నిద్రలేపి కిందికి తీసుకెళ్ళి టార్చి వేసి చూపించాను. చూసింది. "వడియాల్లా ఉన్నాయి" అని పైకెళ్ళిపోయింది. తెల్లారి వాచ్‌మన్ మొక్కలకి పైపు పట్టినప్పుడు బోరునీళ్ళు కారు మీద చిందాయి. మైనం ఉంది కదా, నీళ్ళు పరుచుకోకుండా చక్కగా బొట్లు కట్టాయి. ఎండొచ్చింది. బొట్టుకో తెల్ల వలయం చొప్పున బానెట్ మీద చుక్కల ముగ్గు తేలింది. తామరాకుకున్న బుడిపెలు నా కారుకి లేవు. అక్కడ బొట్టు దొర్లిపోతుంది, ఇక్కడ మకాం వేస్తుంది.

ఇక నాలుగో సంగతి. ఇది ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడ స్కూటరు సీటు వెలిసిపోయి ఉంటే, మిగిలిన మైనం ఊరికే పోతుందెందుకని దానికీ నాలుగు కొట్టి తళతళలాడించాను. ఆశ్చర్యపరుద్దామని చెప్పలేదు. స్పీడుబ్రేకర్ దగ్గర బ్రేకు వెయ్యగానే ఆవిడ సీటు మీద జారి ముందుకొచ్చి, కాళ్ళు రెండూ నేల మీద పెట్టి నిలదొక్కుకుంది. దెబ్బ తగల్లేదు. ఇంటికొచ్చి "ఇవాళేంటో సీటు మీద నిలవలేకపోయానండీ" అంది. "సింథటిక్ చీర కదా, జారుతుంది" అన్నాను. అలా అన్నందుకు నా నాలుక ఏమీ పడిపోలేదు. ఆ నెమలిపింఛం రంగు చీర ఆవిడ మళ్ళీ కట్టలేదు. చీర తప్పేం లేదు.

మొన్న నెల మొదట్లో స్నానాలగది కొళాయి తిప్పబోతే చెయ్యి ఆగిపోయింది. విభూతి రేఖల్లేవు. కొళాయి ఒంటి మీద గుండ్రటి ముత్యాలు. ఆ ముత్యాల్ని హైదరాబాదులో నాకంటే బాగా గుర్తుపట్టేవాళ్ళు లేరు. సీసాలో మందు త్వరగా తగ్గుతోందని, వాచ్‌మన్ మీద అనుమానంతో పెన్నుతో గీత కూడా పెట్టి ఉంచాను. ఫ్రిజ్ దగ్గర చప్పుడైతే వెళ్ళి చూశాను. తలుపుని తడిగుడ్డతో తుడిచి, తడి మీదే ఒక్క పిచికారీ కొట్టి, నాలుగు మడతల గుడ్డతో పైనుంచి కిందికి ఒక్క లాగు లాగింది. చార లేదు, మరక లేదు. నాకు నాలుగు నెలలు పట్టింది.

"ఒకటి చాలండి," అంది వెనక్కి తిరక్కుండానే. "మీరు అభిషేకం చేస్తారు. స్కూటరు సీటుకి అయితే అసలొద్దు."

అప్పుడు చూశాను. ఒంటి మీద ఆ నెమలిపింఛం చీరే.

చేతులు తుడుచుకుని, పోపులడబ్బా వెనక నుంచి నోట్లు తీసి నా చేతిలో పెట్టింది. "మా అక్కకొకటి, వదినకొకటి, కింద ఫ్లాటావిడకొకటి, మనకొకటి. నూట యాభై అన్నారుగా, నాలుక్కి ఆరొందలు. సరిపోయిందా?"

మొహంలోకి చూశాను. ఏమీ అంటలేదు, తామరాకే.

"సరిపోయింది," అన్నాను.

నాలుగు సీసాలూ బుధవారం వచ్చాయి. కారులోనే కూర్చుని ధర చీటీలు గోటితో గీకాను. నాలుగోది సగంలో ఉండగా వాచ్‌మన్ అద్దం మీద తట్టాడు, ఆ నెల జీతం కోసం.