రన్నింగ్ కండిషన్

మా ఇంట్లో ఒక లావుపాటి ఇంగ్లీషు డిక్షనరీ ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మొదటి జీతంతో కొన్నాను. ఈ ముప్ఫై ఏళ్లలో దాన్ని తెరిచినవాళ్ల కంటే దాని మీదకెక్కి అటక అందుకున్నవాళ్లే ఎక్కువ. అయినా ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే దాన్ని కాస్త దులిపి, కనపడే చోట పెడతాను. మీ ఇంట్లోనూ అలాంటిదొకటి ఉండే ఉంటుంది. మీరు చెప్పకపోయినా నాకు తెలుసు.

నా ఇంగ్లీషు మీద నాకు కొంచెం గురి. పక్కింటివాళ్లకు బ్యాంకు నుంచి ఉత్తరం వస్తే చదివి చెప్పేది నేనే. అందుకని మొన్న ఆదివారం సాయంత్రం, ఎనిమిదో తరగతి చదివే మా చిన్నది నోటుపుస్తకం పట్టుకొచ్చి, "నాన్నా, రన్ అనే మాటతో ఐదు వాక్యాలు రాసుకురమ్మన్నారు" అనగానే పేపరు మడిచి పక్కన పడేసి, కాలు మీద కాలేసుకున్నాను.

"ఓస్, అంతేనా? రాసుకో. ఐ రన్. యూ రన్. హీ రన్స్. షీ రన్స్. దే రన్."

అది కలం కదపలేదు. "ఐదింట్లోనూ పరిగెత్తుతూనే ఉన్నారు నాన్నా. ఐదు వేరే వేరే అర్థాలు కావాలి."

"పరిగెత్తడానికి ఐదు అర్థాలేమిటే? నెమ్మదిగా, గట్టిగా... అంతేగా!"

ఆ చూపు దానికి వాళ్లమ్మ నుంచి వచ్చింది.

డిక్షనరీ కోసం వెతికితే, మా ఆవిడ దాని మీద నిలబడి అటక మీంచి ఆవకాయ జాడీ దించుతోంది. ఆవిడ కిందకు దిగేదాకా మా చదువు ఆగింది. దిగాక తెరిచి చూద్దును గదా, రన్ అన్నమాట ఒక పేజీలో మొదలై, రెండో పేజీ దాటి, మూడో పేజీలో కూడా ఊపిరి తీసుకోకుండా పోతోంది. అక్షరాలేమో చీమల బారు. కళ్లజోడు తుడుచుకున్నాను. అది కళ్లజోడు లోపం కాదు.

ఇంటరు చదివే మా పెద్దాడు ఫోనులోంచి తలెత్తకుండానే మిగతాది చదివి వినిపించాడు. ఇంగ్లీషులో ఎక్కువ అర్థాలున్న క్రియ ఇదేనట. 1928లో ఆక్స్‌ఫర్డ్ వారి మహా నిఘంటువు మొదటి కూర్పు పూర్తయినప్పుడు ఆ పెద్దరికం సెట్ అనే మాటది. ఆ తర్వాత కొత్త కూర్పు పనిలో రన్ దాన్ని దాటేసింది. పీటర్ గిలివర్ అనే ఆయన ఈ ఒక్క క్రియ మీద తొమ్మిది నెలలకు పైగా కూర్చుంటే 645 అర్థాలు తేలాయట. ఆ సంగతి 2011లో సైమన్ వించెస్టర్ అనే రచయిత లోకానికి చాటాడు. యంత్రాలు వచ్చాకే ఈ మాట ఇంత బలిసిందని ఆయన లెక్క. రైలు, మిల్లు, ఇప్పుడు కంప్యూటరు, అన్నీ రన్ అవ్వాల్సిందే కదా.

"తొమ్మిది నెలల్లో నేను మీ చేతిలో పిల్లాణ్ణి పెట్టాను. ఆయన ఒక్క మాటా!" అంది మా ఆవిడ, జాడీ మూతి గుడ్డ విప్పుతూ.

నాకైతే గిలివర్ గారి మీద జాలేసింది. 645 అర్థాలతో ఇంటికెళ్లి, ఇంట్లోవాళ్లు "ఇంకా రన్ దగ్గరే ఉన్నారా?" అంటే ఆయనేం చెప్పి ఉంటాడు?

సరే, ఒక్కొక్కటీ తెలుగులోకి దించడం మొదలెట్టాం. అక్కడ తెలిసింది అసలు సంగతి. ఇంగ్లీషులో రన్ అనేది ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలు. నీళ్లు తోడాలన్నా అదే, వడ్డించాలన్నా అదే, అలిగి పుట్టింటికి పోవాలన్నా అదే. మనమో? పనికో మనిషిని పెట్టుకున్నాం. వాళ్లకు ముక్కు రన్ అవుతుంది, మనకు కారుతుంది. వాళ్లు జ్వరాన్ని రన్ చేస్తారు, మనకు జ్వరం దానంతటదే వస్తుంది, మనం పడుకుంటే చాలు. వాళ్ల సినిమా వంద రోజులు రన్ అయితే మన సినిమా ఆడుతుంది, ఆడకపోతే పోతుంది. అమెరికావాడు ఎన్నికల్లో రన్ చేస్తాడు. ఇంగ్లండువాడు మాత్రం మనలాగే నిలబడతాడు. "మన దగ్గర నిలబడ్డవాణ్ణి కూర్చోబెట్టడం కూడా ఉంది" అన్నాడు పెద్దాడు. వీడికి ఓటు ఇంకా రాలేదు.

వ్యాపారం సంగతి చూడండి. ఇంగ్లీషువాడు కొట్టును పరిగెత్తిస్తాడు. మన శెట్టిగారు నడుపుతాడు. "వ్యాపారం ఎలా నడుస్తోంది?" అంటే "ఏదో నడుస్తోంది" అంటాడే గానీ, పరిగెత్తుతోందని ఏ శెట్టిగారైనా చెప్పగా విన్నారా?

బట్టల రంగు దగ్గర నేను గబగబా పేజీ తిప్పబోయాను. మా ఆవిడ పట్టేసుకుంది. "అది కూడా రన్నేనా? మన దగ్గర ఏమంటారో చెప్పండి మరి." రంగు దిగడం అంటారు. కిందటేడు ఆవిడ ఊళ్లో లేని వారం, వాషింగ్ మెషీనులో ఆవిడ ఎర్ర చుడీదారునూ నా తెల్ల చొక్కాలనూ కలిపి వేసింది నేనే. నాలుగు చొక్కాలూ గులాబీ రంగు పూసుకున్నాయి. ఆఫీసులో అడిగినవాళ్లకి ఇప్పుడిదే ఫ్యాషన్ అని చెప్పాను. ఒకాయన నమ్మి కొనుక్కున్నాడు కూడా.

పరువు నిలబెట్టుకుందామని నేనూ ఒకటి తీశాను. "చూడవే, మన పారు అనే మాటా తక్కువ తిన్లేదు. ఏరు పారుతుంది, దొంగ పారిపోతాడు. అంటే నీళ్లకీ మనిషికీ ఒకటే మాట, వాళ్ల రన్ లాగే!" చిన్నది నిజంగానే కళ్లు పెద్దవి చేసింది. ఆ ఒక్క క్షణం నేను గిలివర్ గారి పక్క కుర్చీలో కూర్చున్నాను.

"పారబొయ్యడమూ అందులోదేనా?" అంది మా ఆవిడ. "పొద్దున మీరు పేపరు చూస్తూ కాఫీ పారబోశారు గదా, ఆ మరక ఇంకా పోలేదు."

నిజానికి ఈ మాటతో నా వైరం పాతది. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో, ఉత్తరాది నుంచి వచ్చిన ఆఫీసరు ఒకాయన నా చేతిలో ఒక ఫైలు పెట్టి, దాన్ని ఒక్కసారి రన్ త్రూ చెయ్యమన్నాడు. పైపైన చదవమని దాని అర్థం. నాకేం తెలుసు? త్రూ అంటే అందరి మధ్య నుంచి, రన్ అంటే పరుగు. కింది అంతస్తు నుంచి మూడో అంతస్తు దాకా ప్రతి సెక్షనుకూ ఫైలు పట్టుకుని పరిగెత్తాను. కనపడ్డవాళ్లందరితో సంతకాలు పెట్టించాను. గేటు దగ్గర వాచ్‌మన్‌తో సహా. అరగంట తర్వాత ఆయాసపడుతూ తెచ్చి బల్ల మీద పెడితే, ఆయన ఆ సంతకాలన్నీ చూసి, చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత నాతో హిందీలోనే మాట్లాడేవాడు. నాకు హిందీ కూడా రాదు.

ఇక స్కూటరు. పిల్లల ముందు ఆ ఊసెత్తకూడదనే అనుకున్నాను గానీ, డిక్షనరీ అక్కడికే వచ్చి ఆగింది: రన్నింగ్ కండిషన్. మన పేపర్లలో చిన్న ప్రకటనలు చదివేవాళ్లకు ఈ మాట కొత్తగా చెప్పక్కర్లేదు. 'రన్నింగ్ కండిషన్‌లో ఉన్న స్కూటరు అమ్మబడును.' పెళ్లయిన రెండో ఏడు ఆ ఒక్క వాక్యాన్ని నమ్మి నాలుగు వేల ఐదొందలు పోశాను. అమ్మినాయన బండెక్కి చూపించాడు, రయ్యిమని సందు చివరిదాకా వెళ్లి తిరిగొచ్చాడు. నేనెక్కాక సందు చివరిదాకా వెళ్లింది. తిరిగి రాలేదు.

ఆ రోజుల్లో స్కూటరున్నవాళ్లకు తెలుసు, స్టార్టు కాకపోతే బండిని ఒక పక్కకు ఒంచి, కాసేపు దణ్ణం పెట్టుకున్నట్టు నిలబడి, మళ్లీ కిక్కు కొట్టాలి. మాది ఒంచినా లొంగేది కాదు. రెండో గేరులో వేసి, క్లచ్ నొక్కి పట్టి తోసుకుంటూ పరిగెత్తి, వేగం అందుకున్నాక క్లచ్ వదిలి, అది దగ్గి లేవగానే ఎగిరి సీటు మీద కూర్చోవాలి. వెనకాల మా ఆవిడ పట్టుచీర కుచ్చిళ్లు పట్టుకుని, బ్యాగుతో పరిగెత్తుకొచ్చి ఎక్కాలి. మా పెళ్లి రోజున సినిమాకు అలాగే వెళ్లాం. మూడు సందులు దాటాక చూసుకుంటే ఆవిడ ఎక్కలేదు.

వెనక్కి వెళితే, మొదటి సందు మొగలో, కొళాయి దగ్గర నిలబడి ఉంది. కోపంగా లేదు, అదే నాకు భయం వేసింది. "రన్నింగ్ కండిషన్ బండికి కాదండీ, మీకు" అంది. అప్పటికి ఆవిడకు ఇంగ్లీషు రాదని నా అభిప్రాయం.

కథంతా విని చిన్నది నాలుగు వాక్యాలు రాసేసుకుంది. ముక్కు, కొట్టు, ఏరు, చొక్కా రంగు. ఐదోది క్రికెట్ రన్ రాయమన్నాను. ఫోరు కొడితే ఎవరూ పరిగెత్తకుండానే నాలుగు రన్నులెలా వస్తాయని అది అడిగింది. పైగా ప్రాణం పెట్టి పరిగెత్తినవాడే రనౌట్ అవుతాడట. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ రనౌటయినవాడి మీద మాత్రం నాకు ఎప్పుడూ ఒక అభిమానం.

"అయితే ఐదోది నేను చెప్తా. మై ఫాదర్ రన్స్ ద హౌస్. అంటే మా నాన్న ఇంటిని నడుపుతారు. రాసుకో." కొంచెం గొంతు పెంచే చెప్పాను, వంటింట్లోకి వినపడేలా.

వంటింట్లోంచి జవాబు రాలేదు. ఫ్రిజ్ తలుపు తీసిన చప్పుడు, వేసిన చప్పుడు. "ఏమండీ, పాలు అయిపోయాయి. రేపు పొద్దున కాఫీకి లేవు."

"మిల్క్ హాజ్ రన్ అవుట్!" అని అరిచింది చిన్నది సంబరంగా. "ఇదీ ఉంది నాన్నా!"

"ఎనిమిదిన్నరకల్లా కొట్టు కట్టేస్తాడు, కాస్త పరిగెత్తండి" అంది మా ఆవిడ.

వెళ్లాను. నడిచే వెళ్దామనుకున్నాను, సందు మలుపు తిరిగేదాకా నడిచాను కూడా. అక్కడ వీధి గడియారం లాంటి మా పక్కింటి పెద్దాయన అరుగు మీద కూర్చుని "ఎనిమిదైంది నాయనా" అన్నాడు. ఇక పరిగెత్తాను.

ప్యాకెట్టు తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి, వచ్చి నోటుపుస్తకం చూస్తే ఐదో వాక్యం కొట్టేసి ఉంది. దాని కింద గుండ్రటి అక్షరాలతో: మై మదర్ రన్స్ ద హౌస్. మై ఫాదర్ రన్స్.

"ఇది తప్పే" అన్నాను, ఎర్ర కలం కోసం తడుముకుంటూ. "అమ్మ వాక్యంలో హౌస్ ఉంది. నా వాక్యం సగంలో ఆగిపోయిందేం? ఏం రన్ చేస్తానో రాయాలిగా?"

"అక్కర్లేదు నాన్నా. అది అకర్మక క్రియ. దానికి కర్మ ఉండదు."

"నాకు కర్మ లేకపోవడమేమిటే!" అన్నాను.

ఇంతలో వంటింట్లోంచి మా ఆవిడ ప్యాకెట్టును రెండు వేళ్లతో పైకెత్తి పట్టుకుని గుమ్మంలోకొచ్చింది. "ఏమండీ, ఇది పాలు కాదు. మజ్జిగ."

గడియారం చూశాను. ఎనిమిదీ ఇరవై. ఇంకా చెప్పులు విప్పలేదు, అదొక్కటే కలిసొచ్చింది.