కుమార ప్రబోధము: క్రీటు ద్వీప ఖండము, టీకా తాత్పర్య సహితము

అవతారిక

ఇంగ్లండులో బడులకు జూలై చివర సెలవులిస్తారు. ఆ మర్నాటి నుంచే విమానం టిక్కెట్ల ధర మండిపోతుంది. అయినా తెగించి, రెడింగులో కాపురముండే ఒక విజయవాడ ఆడపడుచు పదిహేనేళ్ల కొడుకుని వెంటబెట్టుకుని క్రీటు ద్వీపానికి బయల్దేరింది. భర్తకు సెలవు దొరకలేదు. దొరకలేదనే ఆయన చెప్పాడు. గ్రీసు దేశపు దీవులన్నిటిలోకీ క్రీటు పెద్దది. మధ్యధరా సముద్రం మొత్తంమీద అయిదో పెద్ద దీవి. తూర్పు పడమరలుగా సుమారు 260 కిలోమీటర్లు సాగుతుంది. ఇంత నేల ఉండగా కుర్రవాడికి కావలసింది ఒక మంచం, దాని పక్కన చార్జరుకు ఒక ప్లగ్గు, అంతే. ఆ సంగతి కవయిత్రికి అప్పటికింకా తెలియదు.

ఈ పద్యం హెరాక్లియన్ పట్టణంలో, అద్దె ఫ్లాటులో, రెండోనాటి ఉదయం ఏడుముప్పావుకు ఆశువుగా వెలువడింది. అప్పటికప్పుడే ఫ్యామిలీ గ్రూపులోకి ఎక్కడం వల్ల మనదాకా వచ్చింది.

మూలము

ఆ.వె. లేవరా కుమార! లేలెమ్ము! ఎండెక్కె!
మినొసు మేడ జూడ మేటి వేళ!
నీళ్లు, పూత, టోపి నే సర్దియుంచితి!
అయిదు నిమిషములని యనకుమింక!

ప్రతిపదార్థము

కుమార = ఓ కొడుకా (మామూలుగా పిలుపు ‘నాన్నా’; కోపం తలకెక్కితే బళ్లో రాయించిన పూర్తి పేరు; ‘కుమార’ అన్నదంటే కోపం ఇంకా మెట్లెక్కుతోందని గ్రహించాలి); లేవరా = నిద్ర లేవవోయి; లేలెమ్ము = లే, లే (దుప్పటి కొస పట్టుకుని); ఎండ + ఎక్కె = ఎండ ముదిరిపోయినది (నిజానికి ముదరబోతున్నది); మినొసు మేడ = మినోస్ మహారాజు నివాసము, అనగా నోసోస్; చూడ = చూచుటకు; మేటి వేళ = శ్రేష్ఠమైన సమయము (ఎవరికి అన్నది ముందు విచారిస్తాము); నీళ్లు = లీటరున్నర సీసాలు రెండు; పూత = యాభై నంబరు సన్‌స్క్రీన్; టోపి = జుట్టు చెడుతుందని కుమారుడు పెట్టుకోని వస్తువు; నే = నేను ఒక్కదాన్నే (ఇంకెవరూ చేయి వేయలేదని ధ్వని); సర్దియుంచితి = సర్ది గుమ్మం దగ్గర పెట్టితిని; అయిదు నిమిషములు = సుమారు గంటన్నర; అని; అనకుము; ఇంక = ఇకమీదట.

తాత్పర్యము

లే.

విశేషములు

‘లేలెమ్ము ఎండెక్కె’ అన్నచోట సంధి జరగలేదు, ఇది దోషం కదా అని లాక్షణికులు అడగవచ్చు. ఆ పొద్దున తల్లీకొడుకులకు సంధి కుదరలేదు గనుక పద్యంలోనూ కుదరలేదని సమాధానం.

మూడో పాదంలో ‘పూత’కు బదులు ‘పూరి’ అని అమ్మమ్మగారు విజయవాడ నుంచి పాఠాంతరం పంపారు. గణం చెడదు, యతికి భంగం లేదు. అయినా ఇది అగ్రాహ్యం. పూరీలు సర్ది ఉంటే కుమారుడు లేచేవాడు. లేస్తే నాలుగో పాదానికి అవసరమే ఉండేది కాదు.

ఛందస్సు ఆటవెలది, వేమన చేపట్టినది. బుద్ధి చెప్పడానికి దీన్ని మించింది లేదు. బుద్ధి వినిపించడానికి పనికొచ్చే ఛందస్సు మాత్రం తెలుగులో ఇంకా పుట్టలేదు.

ఉత్తర మూలము

ఊఁ.

వ్యాఖ్య

ఇది వచనమని పొరబడకూడదు. తల్లి నాలుగుసార్లు పిలిచింది, నాలుగుసార్లూ జవాబు ఇదే. ఉక్త ఛందంలో పాదానికి ఒక్క గురువు. అలాంటి పాదాలు నాలుగైతే అది ‘శ్రీ’ అనే వృత్తం. కుమారుడు కళ్లు తెరవకుండానే లక్షణబద్ధమైన పద్యం చెప్పాడు. తల్లిది జాత్యుపజాతి, కొడుకుది వృత్తం. శాస్త్రరీత్యా ఎవరిది పైచేయో పండితులే చెప్పాలి.

అర్థం దగ్గర మూడు మతాలున్నాయి. లేస్తున్నానని అర్థమంటుంది అమ్మమ్మ. వినబడింది, ఇక చాలు అని అర్థమంటాడు రెడింగులో ఉన్న తండ్రి. అసలు అది కలలో ఎవరికో చెప్పిన జవాబంటుంది పిన్ని. కవయిత్రి ఏ మతాన్నీ ఒప్పుకోక, తలుపు కాస్త గట్టిగానే వేసి, ఒక్కతే పురావస్తు మ్యూజియానికి వెళ్లిపోయింది.

అక్కడ ఆమె చాలాసేపు నిలబడింది ఫైస్టోస్ పళ్లెం ముందు. జానెడుకు కాస్త తక్కువ వెడల్పున్న మట్టిబిళ్ల. 1908లో దొరికింది. రెండు పక్కలా మధ్యలోంచి చుట్టలు తిరిగిన గళ్లు. గడిగడిలో అచ్చుగుద్దిన బొమ్మలు: ఈకల తల, నడిచే మనిషి, చేప, పువ్వు. వేర్వేరు గుర్తులు 45. శతాధిక సంవత్సరాలుగా పండితులు కుస్తీ పడుతున్నా అందరూ ఒప్పుకున్న అర్థం ఒక్కటీ లేదు. ఈ దీవిలోనే వాడిన లీనియర్ ఎ లిపి గతీ అంతే. లీనియర్ బి ఒక్కటే లొంగింది: 1952లో మైకేల్ వెంట్రిస్ అనే ఇంగ్లీషు వాస్తుశిల్పి దాన్ని చదివాడు. మహాకావ్యాలు బయటపడతాయని ఆశపడ్డవాళ్లకు గొర్రెల లెక్కలు, ఉన్ని లెక్కలు, నూనె జాడీల లెక్కలు బయటపడ్డాయి. కొడుకు ఫోనులో ఏం రహస్యాలున్నాయోనని రాత్రిళ్లు బెంగపెట్టుకునే తల్లిదండ్రులు ఈ ఉదంతాన్ని కొంచెం మనసులో పెట్టుకుంటే మంచిది. తాళం తీస్తే దొరికేది చాలామటుకు గొర్రెల లెక్కే.

పూర్వపక్షము, సిద్ధాంతము

‘మేటి వేళ’ ఎవరికి అన్నది విచారిస్తామన్నాము.

తల్లి పక్షానికి బలం ఎండ. నోసోస్‌లో నీడ తక్కువ. గ్రీసు ఎండను తేలిగ్గా తీసుకోవడానికి లేదు. 2023 జూలైలో ఏథెన్సులోని అక్రోపొలిస్‌నే వడగాలులకు మధ్యాహ్నాలు మూసేశారు. విజయవాడ రోహిణి కార్తెలు చూసినదాన్ని అనుకునే మనిషి కూడా ఆ రాళ్లమీద పదకొండింటికి నిలబడలేదు. కాబట్టి తెల్లవారగానే వెళ్లాలి. ఇంతవరకు నిర్దుష్టం.

కొడుకు పక్షానికి బలం అతను చెప్పలేదు, నిద్రపోతున్నాడు గనుక. మేమే చెబుతాము. గ్రీసు గడియారం ఇంగ్లండు కన్నా రెండు గంటలు ముందు. క్రీటులో ఏడుముప్పావంటే రెడింగులో అయిదుముప్పావు. సెలవుల్లో ఆ వేళకు ఏ పదిహేనేళ్లవాణ్ణి లేపినా ధర్మశాస్త్రం ఒప్పదు. పైగా ఆ వయసులో ఒంట్లో గడియారమే వెనక్కి జరుగుతుంది. నిద్రకు పిలిచే మెలటోనిన్ అనే హార్మోను పసిపిల్లల్లోకన్నా, పెద్దవాళ్లలోకన్నా పొద్దుపోయాక ఊరడం మొదలవుతుంది. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని వైద్యుల మాట. అర్ధరాత్రి దాటి పడుకున్నవాడికి పదింటి లోపల తెల్లవారదు. దీన్ని బద్ధకమనడం అప్రామాణికం. ఫోను అనడం సగం ప్రామాణికం.

ఈ సందర్భంలో వెనకటి వ్యాఖ్యాతలందరూ ఈ దీవికే చెందిన ఒక తండ్రీకొడుకుల కథ ఎత్తుకుంటారు. డెడలస్ అనే శిల్పి మినోస్ రాజుకు చిక్కుదారుల భవనం కట్టి, తానే ఆ దీవిలో చిక్కుకుపోయి, ఈకలు మైనంతో అతికి రెక్కలు చేసి కొడుకు ఇకరస్‌తో సహా ఎగిరిపోయాడు. పైకి పోతే ఎండకు మైనం కరుగుతుంది, కిందికి పోతే అలల తడికి ఈకలు బరువెక్కుతాయి, నా వెనకే రా అని చెప్పాడు. కొడుకు పైకి పోయాడు, మైనం కరిగింది, సముద్రంలో పడ్డాడు. పిల్లలు చెప్పిన మాట వినరనడానికి అప్పటినుంచి ఇదే దృష్టాంతం.

మాకు ఈ వ్యాఖ్యానం రుచించదు. కుర్రవాడు అంతకుముందెన్నడూ ఎగిరి ఎరగడు. తండ్రి ఉన్న హెచ్చరికలన్నీ బయల్దేరే ముందు ఒక్క ఊపులో చెప్పి తాను ముందు ఎగిరాడు. ఆ దీవిమీద ఒక చిన్న కొండ నుంచి ఇంకో చిన్న కొండకు రెండుమూడు రోజులు ఎగరడం నేర్పి ఉంటే కథ వేరేగా ఉండేది. గుమ్మం దగ్గర చెప్పే జాగ్రత్తలకు విలువ తక్కువ. మన ఇళ్లలోనూ జాగ్రత్తలన్నీ గుమ్మం దగ్గరే చెబుతాం.

ఉత్తర కథ

తల్లి మ్యూజియం నుంచి తిరిగొచ్చేటప్పుడు సింహాల ఫౌంటెన్ దగ్గర బుగాట్సా కొనుక్కొచ్చింది. పలచటి పొరల మధ్య జున్ను పెట్టి కాల్చి, పైన దాల్చినచెక్క పొడి, పంచదార చల్లే ఫలహారం అది. పన్నెండు కావస్తుండగా ఆ వాసనకు ఉత్తర మూలకారుడు తనంత తానే లేచాడు. వేసవిలో నోసోస్ రాత్రి ఎనిమిది దాకా తెరిచే ఉంటుందని కూడా అతనే, పొట్టు పొట్టుగా రాలుతున్న బుగాట్సా తింటూ, ఫోనులో చూసి చెప్పాడు. ఈ సంగతి పద్యానికి ముందే తెలిసుంటే పద్యం పుట్టేది కాదు. సాహిత్యానికి నష్టం జరిగేది.

సాయంత్రం అయిదున్నరకు వెళ్లారు. కింద సన్నగా, పైకి పోనుపోను లావుగా ఉండే ఎర్ర స్తంభాలను చూసి తల్లి చేతులు జోడించినంత పని చేసింది.

“మూడున్నర వేల ఏళ్లు, నాన్నా! ఎలా నిలబడ్డాయో చూడు.”

“అమ్మా, ఇది కాంక్రీట్.”

“ఏది?”

“ఈ పిల్లర్. ఎవాన్స్ అని ఒకాయన కట్టించాడు. ఒరిజినల్‌వి చెక్కవి, అవి పోయాయి.”

కుమారుడి మాట ప్రమాణం. ఆర్థర్ ఎవాన్స్ 1900లో తవ్వకం మొదలుపెట్టి, దొరికిన మేడను కొంతమేర సిమెంటుతో తనకు తోచినట్టు తిరిగి నిలబెట్టాడు. ఆయన్ని పొగిడేవాళ్లు, తిట్టేవాళ్లు ఇప్పటికీ సమానంగానే ఉన్నారు. ఆయనకన్నా ముందు, 1878లో, అక్కడ మొదట పలుగు దించినవాడు మినోస్ కలొకైరినోస్ అనే హెరాక్లియన్ వాసి. పురాణ రాజు పేరే ఆయనదీ. ఈ వివరాలు పిల్లవాడికెలా తెలుసు? 2018లో వచ్చిన ‘అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ’ అనే ఆటలో అతను ఈ మేడ కింద చిక్కుదారుల్లో తిరిగి, ఎద్దుతల రాక్షసుణ్ణి చంపి, ఆ ఆసక్తితో మిగతాది చదువుకున్నాడట. ఆ ఆట ఆడొద్దని తల్లి కేకలేసిన సంగతి గ్రంథవిస్తర భీతిచేత వదిలేస్తున్నాము.

మర్నాటి సాయంత్రం సముద్రం. వేసవిలో ఈ దీవి ఉత్తర తీరాన్ని మెల్టెమి అనే గాలి పట్టి ఊపుతుంది. పొద్దువాలేసరికి తరచు నెమ్మదిస్తుంది. తల్లికి ఈత రాదు. కృష్ణ ఒడ్డున పుట్టినా పుష్కరాలకు మూడు మునకలే ఆమె అనుభవం. నడుము లోతు నీళ్లలో ఆమెను వెల్లకిలా పడుకోబెట్టి, వీపు కింద ఒక చెయ్యి, తల కింద ఒక చెయ్యి వేసి కొడుకు చెప్పినది, ‘ఊఁ’ను మినహాయిస్తే, ఈ గ్రంథంలో ఇంగ్లీషు ముక్క కలవని అతని మొదటి పలుకు:

“అమ్మా, మెడ బిగబట్టకు, నేను పట్టుకున్నాను.”

టీక: మెడ = తలను మోసేది; బిగబట్టకు = వదిలెయ్; నేను పట్టుకున్నాను = ఇదివరకు నువ్వు పట్టుకున్నట్టే. మహాసముద్రంలో లీటరు నీటికి 35 గ్రాముల ఉప్పుంటే మధ్యధరాలో 38 దాటుతుంది, మనిషి కాస్త తేలిగ్గా తేలతాడు. ఆమె తేలింది. మూడో ప్రయత్నానికి ఇంకా వణుకుతూనే, ‘అయిదు నిమిషాలు, ఇంకొక్క అయిదు నిమిషాలు ఉందాం’ అంది. ఇక్కడ అయిదు నిమిషములు = చీకటి పడేదాకా.

రాత్రి భోజనం తొమ్మిదిన్నరకు. దీవి అంతా తినేది ఆ వేళకే. పసిపిల్లలు కూడా బల్లల మధ్య పరిగెడుతుంటారు. భోజనమయ్యాక అడక్కుండానే పుచ్చకాయ ముక్కలూ, చిన్న సీసాలో రాకీ అనే సారాయీ తెచ్చిపెట్టారు. డబ్బు తీసుకోరు. పుచ్చకాయ కొడుకు తిన్నాడు. రాకీ సంగతి ఫ్యామిలీ గ్రూపులో పెట్టలేదు గనుక దానికి పాఠం లభ్యం కాలేదు.

నిర్ణయము

పిల్లలతో క్రీటు వెళ్లేవారికి మా వ్యాఖ్యాన ఫలితంగా నివేదించేది ఇంతే. పొద్దుటి పూట మీది. మ్యూజియానికి ఒక్కరే వెళ్లిరండి, ఎవర్నీ లేపకండి. నోసోస్‌కు సాయంత్రం అయిదు తర్వాత వెళ్లండి. టోపీ విషయం మానేయండి, పూత విషయం మానకండి. బుగాట్సా రెండు కొనండి, ఒకటి చాలదు.