ఓనర్ అంకుల్

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందుల్లోకి వెళ్తే కోచింగ్ బ్యానర్ల మధ్య టులెట్ బోర్డులు, ఆ బోర్డుల కింద ఓనర్ అంకుళ్లు కనిపిస్తారు. ఇటు పంజగుట్ట, అటు ఖైరతాబాద్ దాకా ఇదే సంతతి. గళ్ల లుంగీ, బనీను, నీళ్ల మోటారు స్విచ్ మీద సర్వాధికారం. గుంటూరు పిల్లాడికీ ఆదిలాబాద్ పిల్లాడికీ ఆయన అంకులే. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుందనుకుంటాం గానీ, అక్కడున్నది చాలాసార్లు వాళ్ల నాయన పేరు.

అంకుల్ చట్టాలు చదవడు, వింటాడు. పొద్దున ఇరానీ హోటల్లో విన్న చట్టం సాయంత్రానికి కిరాయిలో కలుస్తుంది. 2022 జూలై 18 నుంచి ఇంటి అద్దె మీద 18 శాతం జీఎస్టీ అన్న కబురు చెవిన పడగానే రెండో అంతస్తు ఎక్కాడు. అది జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి తానే కట్టుకోవాల్సిన పన్ననీ, మామూలు ఉద్యోగికి తగలదనీ కుర్రాళ్లు చెప్పి చూశారు. "గవన్ని నాకెందుకు బాబూ, దేశమంత పెరిగింది గద. ఒక వెయ్యి ఎక్కువియ్యి" అన్నాడు. 2024 జూలైలో హాస్టళ్ల సంగతీ తేల్చారు. మనిషికి నెలకు 20 వేలు మించకుండా, కనీసం 90 రోజులు వరుసగా ఉంటే జీఎస్టీ లేదు. ఆయన పై రెండంతస్తులూ హాస్టలే. ఈ కబురు మాత్రం చెవిదాకా రాలేదు. ఆ వారం హోటల్ మూసి ఉందేమో!

ఇంటి పన్ను దగ్గర అంకుల్ మహా నిజాయితీపరుడు. ఏప్రిల్ ముగిసేలోపు ఏడాది పన్నంతా కట్టి జీహెచ్‌ఎంసీ ఇచ్చే 5 శాతం తగ్గింపు పట్టేస్తాడు. ఆయన బాధల్లా బావమరిదితోనే. ఆ మహానుభావుడు ఏళ్ల తరబడి కట్టకుండా కూర్చుని, వన్ టైమ్ స్కీమ్ రాగానే బకాయి వడ్డీలో 90 శాతం మాఫీ చేయించుకుంటాడు. "కట్టినోనికి అయిదు, ఎగ్గొట్టినోనికి తొంభై" అని అంకుల్ నిట్టూరిస్తే కాదనడానికి నాకూ నోరు రాదు.

అగ్రిమెంట్లన్నీ పదకొండు నెలలవే. ఏడాది దాటిన లీజే రిజిస్టర్ చేయించాలని ఎక్కడో విన్నాడు కాబట్టి ఆయన క్యాలెండర్‌లో పన్నెండో నెల లేదు.

ఆయన అసలు భయం పాన్ నంబర్. జీతగాడు హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు కోరితే, ఏడాది అద్దె లక్ష దాటినప్పుడు ఓనర్ పాన్ ఇవ్వాలి. అంచేత ఆ సందులో ఇచ్చే కిరాయి 14 వేలైనా రసీదు 8,300కే వచ్చేది. పన్నెండుతో హెచ్చించి చూడండి, 99,600. బడిలో లెక్కలు తప్పిన మనిషి ఈ గుణకారం మాత్రం ఎన్నడూ తప్పలేదు. ఎవడైనా గట్టిగా అడిగితే, పిల్లనిమ్మని అడిగినట్టు చూసేవాడు. "పాన్ కార్డు ఊర్ల ఉన్నది బాబూ."

దేవుడిలా కొత్త పన్ను విధానం వచ్చింది. అందులో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపే లేదు. 2025 బడ్జెట్లో 12 లక్షల ఆదాయం దాకా పన్ను లేదనేసరికి కుర్రాళ్లు చాలామంది అటు దూకారు, రసీదు అడిగేవాడు కరువయ్యాడు. అంకుల్ ఆ రోజు అంతస్తు అంతస్తుకూ జిలేబీ పంచాడు. పరాయివాళ్ల జీతానికి పన్ను పోయిందని అంతగా మురిసిన మనిషిని నేను చూడలేదు.

మూడో అంతస్తులో సీఏ చదివే అమ్మాయి ఉంది. ఆమె వంటింట్లో నల్లా కారుతోంది. "అంకుల్, మీ అద్దె ఆదాయంలో ఇంటి పన్ను పోను 30 శాతం మినహాయిస్తారు కదా, అది మరమ్మతుల్లాంటి వాటికే" అంది. అంకుల్ ముఖం వెలిగింది.

"బిల్లులు సూపియ్యాల్నా?"

"అక్కర్లేదు. ఖర్చు పెట్టినా పెట్టకపోయినా 30 శాతమే."

పాపం, నిజం చెప్పి చెడింది.

2026 ఏప్రిల్ 1న 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం పోయి కొత్తది అమల్లోకి వచ్చింది. మోకాళ్ల నొప్పులతోనే అంకుల్ మూడంతస్తులూ ఎక్కాడు. "బిడ్డా, గా ముప్ఫై ఉన్నదా, తీసేసిన్రా?"

"ఉంది అంకుల్."

"సల్లగుండు" అని మెట్లు దిగబోయాడు.

"అంకుల్, నల్లా..."

"కింద బకెట్ పెట్టు బిడ్డా. నీళ్లు వేస్ట్ గావద్దు."