సూర్యుడు సంతకం పెట్టలేదు

గాలివీడు అని ఓ ఊరుంది, రాయచోటికి ఆవల. పేరులోనే గాలి పెట్టుకున్న ఊరు కదా, అక్కడ గాలిమరలు తిరుగుతుంటాయని అనుకుంటారు మీరు. పెట్టింది సోలార్. దాని పొరుగునే నంబులపూలకుంట. పేరులో పూలున్నాయి, కుంట కూడా ఉంది. కళ్లకు కనిపించేది మాత్రం మైళ్ల తరబడి వరసలు కట్టిన నల్లటి పలకలు. పేరుకూ సరుకుకూ పొంతన లేకపోవడం మా సీమవాళ్లకు కొత్త కాదు. కరెంటు సంగతుల్లో అసలే కొత్త కాదు.

ఓ ఎండాకాలం ఆ దారిలో టీ బంకు దగ్గర ఆగాను. పక్కన గొర్రెలు మేపుకునే పెద్దాయన ఒకరు, తలకు టవలు చుట్టుకుని, పలకల వైపు చూస్తూ అడిగాడు.

“ఎండను గూడా అమ్ముతాండారంట గదా సామీ?”

“అమ్ముతున్నారు పెద్దాయనా. యూనిట్ల లెక్కన.”

“యూనిట్టు ఎంతకి?”

“ఏ సంవత్సరం రాసుకున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది.”

“రాసుకున్న రేటు ఇస్తాండారా మల్లా?”

టీ గొంతుకు అడ్డం పడింది. కమిటీలు, కమిషన్లు, కన్సల్టెంట్లు ఏళ్ల తరబడి చుట్టూ తిరిగి, తాకకుండా వదిలేసిన ప్రశ్నను ఆయన బీడీ ముట్టించుకుంటూ అడిగేశాడు. “అది ఎలక్షన్లను బట్టి ఉంటుంది” అన్నాను. “అట్లయితే మా టమాటా మాదిరే” అని లేచి గొర్రెల వెంట పోయాడు.

టమాటాతో పోల్చినందుకు సోలారువాళ్లు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ధర పడిపోవడంలో ఇద్దరూ అన్నదమ్ములే. 2010లో దేశంలో పెద్ద వేలం జరిగినప్పుడు సోలార్ యూనిట్ ధర పది రూపాయల పైమాటే. 2015 నవంబరులో కర్నూలు జిల్లాలోని పార్కుకు రూ.4.63 పలికితే దేశమంతా ఔరా అంది. ఆ పార్కు ఉన్న ఊళ్లు గని, శకునాల. శకునం మాత్రం బాగాలేదు. ఆ రేటుకు పాడిన అమెరికా కంపెనీ సన్‌ఎడిసన్ ఆరు నెలలు తిరక్కుండా దివాలా పిటిషన్ పెట్టింది. అయినా పాట ఆగలేదు. 2017 ఏప్రిల్‌లో కడప దగ్గర 3.15. మర్నెల రాజస్థాన్‌లోని భడ్లాలో 2.44. 2020 డిసెంబరులో గుజరాత్‌లో 1.99. అర లీటరు మంచినీళ్ల సీసా కన్నా చవగ్గా యూనిట్ కరెంటు! ఎండ అదే, సూర్యుడు అదే. తగ్గింది పలకల ధర, అప్పు మీద వడ్డీ, గుత్తేదారు గుండె దడ.

గాలి కథ ఇంకా రసవత్తరం. 2017 ఫిబ్రవరిలో గాలి కరెంటుకు దేశంలో మొదటి వేలం జరిగి రేటు 3.46కు దిగింది. అప్పటిదాకా మన రాష్ట్రంలో సైకిలు గుర్తు ప్రభుత్వం వారు పాటా గీటా లేకుండా, విద్యుత్ నియంత్రణ కమిషన్ ఖరారు చేసిన 4.84 రేటుకు పాతికేళ్ల ఒప్పందాలు రాసుకుంటూ పోయారు. ఉరవకొండ మిట్టల మీద రెక్కలు లేచాయి. ఆ ఏడాది చివర గుజరాత్‌లో 2.43 పలికేసరికి మన 4.84 కాస్తా పెళ్లి భోజనాలయ్యాక తెలిసిన బంగారం ధరలా మిగిలింది.

2019లో ఎన్నికలొచ్చాయి. గాలి మారింది. గాలి ఒప్పందాల మీద కత్తి దూసిన కొత్త ప్రభుత్వానిది ఏ గుర్తనుకున్నారు? ఫ్యాను. మర తిరిగితే కరెంటు పుడుతుంది, కరెంటొస్తే ఫ్యాను తిరుగుతుంది. ఇంత దగ్గరి చుట్టరికం పెట్టుకుని ఆ యేడు జూలై 1న జీవో 63 ఇచ్చి, పాత కరెంటు కొనుగోలు ఒప్పందాలను (పీపీఏలను) బేరమాడడానికి ఉన్నత స్థాయి కమిటీ వేశారు. పక్కూళ్లో 2.43కు వస్తోంది కాబట్టి మీరూ ఆ రేటుకే ఇవ్వండి, కరెంటు ఇవ్వడం మొదలుపెట్టిన రోజు నుంచీ తేడా సర్దండి అన్నారు.

1995లో సెల్‌ఫోను వచ్చిన కొత్తలో నిమిషానికి పదహారు రూపాయలు కూడా తీసుకున్నారు. మా మేనమామ ఒకాయన అప్పట్లో ఫోను చేతికిస్తే “హలో” అని చెప్పి కట్ చేసేవాడు. ఇవాళ మాటలన్నీ ప్యాకేజీలో ఉచితం. ఆ పదహారు రూపాయలు వెనక్కిమ్మని మా మామయ్య నోటీసు పంపితే ఆయనకు మతి చలించిందంటాం. ప్రభుత్వం పంపితే దాన్ని ప్రజాధనం కాపాడడం అంటాం.

ఈ బేరం చూసి అప్పటి కేంద్ర విద్యుత్ మంత్రి ఆర్.కె.సింగ్ వద్దు వద్దని ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. కంపెనీలు హైకోర్టుకెక్కాయి. అప్పటికి సోలారుకు 2.44, గాలికి 2.43 లెక్కన చెల్లిస్తూ ఉండండని 2019 సెప్టెంబరులో హైకోర్టు మధ్యంతర ఏర్పాటు చేసింది. ఆ తర్వాత రెండున్నరేళ్లకు, 2022 మార్చి 15న, డివిజన్ బెంచి తేల్చింది: రాసుకున్న రేటే రేటు, బకాయిలు ఆరు వారాల్లో కట్టండి. ఆరు వారాలు! మా ఊరి చిట్‌ఫండ్ కూడా అంత తొందరపెట్టదు. అదృష్టం బాగుండి ఆ జూన్‌లోనే కేంద్రం కొత్త రూల్స్ తెచ్చి, డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ సంస్థలు, పాత బకాయిలను 48 దాకా నెలవారీ వాయిదాల్లో కట్టుకోవచ్చంది. ఇంట్లో మిక్సీ కొన్నట్టు.

రాసుకున్న మాట తప్పడం మన ఒక్కరి ఘనతే అనుకుంటే పంజాబ్‌వాళ్లు ఒప్పుకోరు. 2021లో వాళ్లు ఒప్పందాల రేట్లు తిరగరాయడానికి ఏకంగా అసెంబ్లీలో బిల్లే పాస్ చేశారు. స్పెయిన్ అయితే మనకన్నా ముందే ఆ పని చేసి, అంతర్జాతీయ మధ్యవర్తుల ముందు చాలా కేసుల్లో ఓడిపోతూ ఇప్పటికీ వకీళ్లను పోషిస్తోంది.

ఇక్కడ ఓ చిన్న లెక్క చెప్పాలి, విసుక్కోకండి. బొగ్గు ప్లాంటులో రోజూ బొగ్గు వెయ్యాలి, రోజూ ఖర్చు. సోలార్ ప్లాంటులో ఖర్చు దాదాపు అంతా మొదటి రోజే; ఆ తర్వాత పలకలు తుడుచుకోవడమే. మెగావాటుకు నాలుగు కోట్లనుకుందాం, అందులో మూడు కోట్లు అప్పు. మా సీమ ఎండకు ఆ మెగావాటు ఏడాదికి 19 లక్షల యూనిట్ల దాకా ఇస్తుంది. వడ్డీ రెండు శాతం పెరిగితే మొదటి ఏడాది ఆరు లక్షలు అదనం. యూనిట్‌కు 30 పైసల పైచిలుకు. ఎండ తగ్గలేదు, పలక పగల్లేదు, ఒక్క మబ్బు కూడా రాలేదు. అయినా కరెంటు 30 పైసలు పెరిగింది.

ఎందుకు పెరిగిందో బ్యాంకు మేనేజరుకు తెలుసు. ఆయన ‘మీ ఊళ్లో ఎండెంత’ అని అడగడు. ‘కొనేదెవరు’ అని అడుగుతాడు. ‘ఫలానా రాష్ట్రం డిస్కం’ అనగానే కళ్లజోడు తీసి పంచెకొంగుతో తుడుచుకున్నంత నెమ్మదిగా తుడుచుకుంటాడు. ఆ తుడుచుకోవడం ఖరీదే ఆ రెండు శాతం. జీవో మీద సంతకం పెట్టినవాళ్లు అయిదేళ్లకు పోతారు, వడ్డీ అప్పు తీరేదాకా ఉంటుంది.

ప్రజాధనం ఇలా కాపాడిన తర్వాత ప్రభుత్వానికి చవకైన ఎండ కావాల్సొచ్చింది. రైతులకు పగటిపూట తొమ్మిది గంటల ఉచిత కరెంటు ఇవ్వాలి మరి. 2021 డిసెంబరులో కేంద్ర సోలార్ సంస్థ సెకీతో ఒప్పందం: 7,000 మెగావాట్లు, యూనిట్ రూ.2.49, పాతికేళ్లు. ఎండ ఎక్కడిది? రాజస్థాన్‌ది. అనంతపురంలో ఏప్రిల్ మధ్యాహ్నం చెప్పుల్లేకుండా వాకిట్లో కాలు పెట్టినవాడు ఎవడైనా ఈ మాట విని కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నారు, పెరటి ఎండ కరెంటుకు పనికిరాదని ఎవరూ చెప్పలేదే! అసలు కిటుకు వేరే ఉంది. గడువులోగా పూర్తయిన ప్రాజెక్టుల సోలార్ కరెంటు రాష్ట్రాలు దాటినా అంతర్రాష్ట్ర లైన్ల ఛార్జీ ఉండదని కేంద్రం మాఫీ ఇచ్చింది. అంటే రాజస్థాన్ ఎండకు రైలు టికెట్టు ఫ్రీ. రైలు మాత్రం ఫ్రీగా నడవదు కదా. ఆ ఛార్జీ లైన్లు వాడుకునే మిగతా వాళ్లందరి మీద సర్దుతారు.

ఆ ఒప్పందం మీద 2024 నవంబరులో అమెరికా నుంచి పిడుగు పడింది. సోలార్ ఒప్పందాల కోసం ఇక్కడి అధికారులకు లంచాలు ఎర చూపారని అదానీ గ్రూపు పెద్దల మీద అక్కడ అభియోగాలు మోపారు. గ్రూపు కాదంది, ఒప్పందం నాటి అధికార పార్టీ కాదంది. నిజం తేల్చాల్సింది కోర్టులు, నేను కాదు. నాకు ముచ్చటేసింది ఇంకొకటి. ప్రతిపక్షంలో ఉండగా ఆ ఒప్పందాన్ని తిట్టిపోసినవాళ్లు అధికారంలోకి వచ్చాక, ఏకపక్షంగా రద్దు చేస్తే పరిహారం కట్టాల్సొస్తుందని ఆలోచనలో పడ్డారు. చూశారా, పాఠం వంటబట్టింది! ట్యూషన్ ఫీజు మాత్రం మనం కట్టాం.

సరే, కరెంటు వచ్చింది. ఎప్పుడొచ్చింది? మధ్యాహ్నం. మనకు కావాల్సింది ఎప్పుడు? సాయంత్రం ఏడింటికి, సీరియల్ మొదలయ్యే వేళకు. సూర్యుడు ఆఫీసు టైమింగ్స్ పాటిస్తాడు, ఓవర్‌టైం చెయ్యడు. 2025 మేలో ఒక ఆదివారం మధ్యాహ్నం కరెంటు ఎక్స్‌ఛేంజీ రియల్ టైం మార్కెట్‌లో యూనిట్ ధర దాదాపు సున్నాకు పడింది. ఎండాకాలం సాయంత్రాల్లో అదే ఎక్స్‌ఛేంజీలో పది రూపాయల పరిమితి దాకా ఎగబాకడం మామూలే. పొద్దున పారబోసిన మజ్జిగను సాయంత్రం కొనుక్కోవడమంటే ఇదే. సోలారుకూ గాలికీ చట్టప్రకారం ‘మస్ట్ రన్’ హోదా ఉంది, అంటే నడిచి తీరాలి. గ్రిడ్డు మీద బరువెక్కిన రోజు మాత్రం ఫోనొస్తుంది, కాస్త ఆపండి అని. పెళ్లికొడుకు హోదా ఇచ్చి వంటింట్లో కూర్చోబెట్టినట్టు. అటు బొగ్గు ప్లాంట్లకు మాత్రం కరెంటు తీసుకున్నా తీసుకోకపోయినా ఫిక్స్‌డ్ ఛార్జీ ముట్టాల్సిందే.

పొద్దుటి కరెంటు రాత్రికి దాచుకునే ఉపాయం లేదా అంటే, ఉంది. పిన్నాపురం దగ్గర 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ అలాంటిదే. ఎండ ఉన్నప్పుడు నీళ్లు పైకి తోడి, చీకటి పడ్డాక కిందికి వదలడం. నాలుగు యూనిట్లు పెట్టి ఎక్కిస్తే మూడు చిల్లర తిరిగొస్తాయి. పాపం అది నిజాయతీ గల లెక్క. ఎంత పోతుందో ముందే చెబుతుంది. నాకు దాని మీద ఏ ఫిర్యాదూ లేదు.

ఫిర్యాదల్లా లక్ష్యాల మీద. 2024 అక్టోబరులో కొత్త ప్రభుత్వం క్లీన్ ఎనర్జీ పాలసీ తెచ్చింది: 160 గిగావాట్లు, పది లక్షల కోట్ల పెట్టుబడులు, ఏడున్నర లక్షల ఉద్యోగాలు. 2024 మే 30న దేశమంతా కలిసి ఏసీలు వేసుకుని రికార్డు కొట్టిన రోజున డిమాండు 250 గిగావాట్లు. ఆంధ్రప్రదేశ్ పీక్ డిమాండు అప్పట్లో 13 దరిదాపు. మనకు కావాల్సినదానికి పన్నెండు రెట్లు మనమే తయారుచేసి ఎవరికమ్ముతాం? రాజస్థాన్‌కా? వాళ్ల ఎండ మనం కొంటున్నాం కదా, మన ఎండ వాళ్లు కొంటే లెక్క సరిపోతుంది, మధ్యలో లైన్లు వేసిన కాంట్రాక్టరు బతికిపోతాడు. వెయ్యి మెగావాట్ల మాట ఎత్తితే ఎవరూ చప్పట్లు కొట్టరు కాబట్టి గిగావాట్లలో మాట్లాడుతున్నారు. కొనేవాడు ఎవరో తేలకుండా కాగితం మీద నిలబడ్డ ప్రాజెక్టులు దేశంలో బోలెడున్నాయి. మన కాగితం కాస్త పెద్దది, అంతే.

ఇంతా చూసి, మన బతుకు మనం చూసుకుందామని నేను మా మిద్దె మీద మూడు కిలోవాట్ల పలకలు పెట్టించాను. కేంద్రం 78 వేలు సబ్సిడీ ఇస్తానంది, ఇచ్చింది కూడా. అబద్ధమెందుకు, ఆ విషయంలో సూర్యుడూ సర్కారూ ఇద్దరూ మాట నిలబెట్టుకున్నారు. మీటరులో లెక్క నా వైపు తిరగడం మొదటిసారి చూసినప్పుడు మా ఆవిడను పిలిచి చూపించాను. ఆమె “పాలవాడి లెక్క కూడా ఇట్లా తిరిగితే బాగుండు” అంది.

నెలాఖరున బిల్లు కొట్టే కుర్రాడొచ్చాడు. చేతిలో మిషను కిర్రుమని కాగితం కక్కింది. వాడింది తక్కువ, గ్రిడ్డుకిచ్చింది ఎక్కువ. గర్వంగా కిందికి చదువుకుంటూ పోయాను. ఓ వరసలో ఇంధన సర్దుబాటు అని వందల్లో ఉంది.

“ఇదేంటి బాబూ? ఈ నెల నేను మీ కరెంటు వాడినదానికన్నా ఇచ్చిందే ఎక్కువ కదా.”

“ఈ నెలది కాదు సార్. 2022లో మీరు వాడింది.”

“దానికి అప్పుడే కట్టాను. రసీదుంది.”

“అప్పుడు కట్టింది అప్పటి రేటు సార్. కొన్నదానికి ఎంతయిందో తర్వాత తేలింది. 2022-23కి ఆరు వేల డెబ్బై రెండు కోట్లు, పై ఏడాదికి తొమ్మిది వేల నాలుగు వందల చిల్లర కోట్లు అంట. కమిషన్ ఓకే చేసింది. అందరికీ పంచారు.”

“అంటే వాడేసిన మూడేళ్లకు రేటు మారుస్తారా?”

“మార్చడం కాదు సార్, సర్దడం.”

గాలిమరల కంపెనీకి రాసుకున్న రేటే రేటు అని హైకోర్టు చెప్పిన తీర్పు గుర్తొచ్చింది. నేనేం రాసుకున్నానో చూద్దామని లోపలికెళ్లి బీరువాలో కనెక్షన్ కాగితాలు వెతికాను. తిరిగొచ్చేసరికి కుర్రాడు పక్కింటి మీటరు ముందు నిలబడి ఉన్నాడు. మిషను కిర్రుమంటోంది.