ఐదో తీగ

పాశమైలారంలో పవర్ ప్రెస్సు మీద పనిచేసే తండ్రి, ఇంజనీరింగ్ చదివే కొడుకు పటాన్‌చెరులో 219 బస్సెక్కి సికింద్రాబాద్‌లో గిటార్లమ్మే షాపుకొచ్చారు. కొడుక్కి హెవీ మెటల్ బ్యాండులో బేస్ వాయించే చోటు దొరికింది. ఐదు తీగల బేస్ తెచ్చుకుంటేనే రమ్మన్నారట.

"నాలుగు తీగలది సాలదారా?"

"మెటల్‌ల గిటార్లు బాగా కిందికి దించి వాయిస్తరు నాయినా. నాలుగు తీగల బేస్ 41 హెర్ట్‌జ్ కాడ ఆగిపోతది. ఐదోది 31 దాకా దిగుతది."

షాపు కుర్రాడు రెండు బేసులు తెచ్చి ఆంప్‌కి తగిలించాడు. ఒకటి 34 అంగుళాల స్కేల్, ఇంకోటి 35. ఆ అంగుళం తేడాతోనే లావు తీగ బిగువుగా నిలబడుతుందన్నాడు. కొడుకు రెండూ మీటి చూశాడు, ఎటూ తేల్చుకోలేకపోయాడు. తండ్రి కుడిచెయ్యి జేబులోంచి తియ్యకుండానే ఎడమ అరచెయ్యి రెండింటికీ ఆనించి చూశాడు.

"మొదటిది డై లూజైన ప్రెస్సు లెక్క కొడుతుంది. రెండోది తీస్కో."

కుర్రాడికి హుషారొచ్చింది.

"మెటల్ పుట్టిందే అసుంటి మెషిన్ల కాడ అంకుల్! బర్మింగ్‌హామ్‌ల టోనీ అయోమీ అని గిటార్ వాయించే 17 ఏండ్ల పిల్లగాడు. 1965ల, షీట్ మెటల్ ఫ్యాక్టరీల ఆఖరి రోజు డ్యూటీ. మెషిన్ల పడి రెండు వేళ్ల కొసలు పోయినయ్. ప్లాస్టిక్ సీసా కరగబెట్టి వేళ్లకు టోపీలు చేసుకున్నడు. తర్వాత వేళ్లకు తేలికైతదని తీగలు వదులు చేసిండు. ఆయన బ్యాండు బ్లాక్ సబ్బత్ సౌండ్ అంత కిందికి దిగింది గట్లనే! ఆ వేళ్లు తెగుడే మన లక్కు అంకుల్!"

కొడుకు చప్పున బేస్ స్టాండు మీద పెట్టేశాడు. "పోదాం పా నాయినా" అన్నాడు.

"ఆగు. బిల్లు చెయ్యనియ్యి."

"బడ్జెట్ ఎంత అనుకుంటున్నరు అంకుల్?"

"రెండు వేళ్లు."

కుర్రాడు పకపకా నవ్వాడు. "రెండు వేలకు తీగలు కూడా రావు అంకుల్!"

తండ్రి జేబులోంచి కుడిచెయ్యి తీసి నోట్ల కట్ట కౌంటర్ మీద పెట్టాడు. ఆ చేతికి మూడే ఉన్నాయి.

"కేసు పెట్టొద్దని కంపెనీ కట్టిన రేటు ఇది. లెక్కపెట్టుకో తమ్మీ."