పాట పాడాక బేరమా!

ఈబేలో ఓ పాత కెమెరా వేలానికి వచ్చింది. ఆఖరి పది సెకన్లలో ఒకాయన రేటు పెంచి, పక్కవాణ్ని పడగొట్టి మరీ గెలిచాడు. తెల్లారేసరికి మెసేజి: 'నాలుగో ఫొటోలో గీత ఇప్పుడే చూశాను. 40 డాలర్లు తగ్గించండి, పోస్టు ఖర్చు కూడా మీరే పెట్టుకోండి. మంచి రేటింగ్ ఇస్తాను.' తగ్గించకపోతే ఏమిస్తాడో వేరే చెప్పాలా? 2008 నుంచి అక్కడ కొనేవాళ్లకు చెడ్డ రేటింగ్ ఇచ్చే వీలు అమ్మేవాళ్లకు లేదు. కర్ర ఒకరి చేతికే ఇచ్చి కుస్తీ పట్టమన్నారన్నమాట!

1995లో ఆ సైటులో మొదట అమ్ముడుపోయింది పాడైపోయిన లేజర్ పాయింటర్, 14.83 డాలర్లకు. అది పనిచెయ్యదని తెలుసా అని స్థాపకుడు పియర్ ఒమిడ్యార్ అడిగితే, చెడిపోయినవే పోగేస్తుంటానన్నాడట కొన్నాయన. ఆ వంశం అక్కడితో ఆగిపోయినట్టుంది.

అమ్మేవారికి ఓ మాట. మొహమాటపడి పదో పరకో తగ్గించారో, పార్శిల్ అందాక ఇంకో గీత బయటపడుతుంది. 'పాటలో పలికిన ధరే ధర' అని మర్యాదగా ఒక్క ముక్క రాసి ఊరుకోండి. రేటింగ్ పేరు చెప్పి బెదిరిస్తే ఆ మెసేజి కంపెనీకి చూపించండి, అలా బెదిరించడం నిబంధనలకు విరుద్ధం. నాలుగు రోజుల్లో డబ్బు కట్టకపోతే అమ్మకం రద్దు చేసి, ఆయన తర్వాత ఎక్కువ పాడినవాళ్లను అడగండి. కెమెరా ఇంకా మీ ఇంట్లోనే ఉంది కదా, తొందరేముంది?