పెళ్లిళ్ల పేరయ్యగా రిజర్వు బ్యాంకు

హైదరాబాద్ వనస్థలిపురంలో రిటైర్డు ఉద్యోగులకు కొదవ లేదు. పొద్దున్నే పార్కులో నాలుగు రౌండ్లు కొట్టి బెంచీ మీద కూలబడగానే మాట ఎఫ్‌డీ వడ్డీ మీదికి మళ్లుతుంది. వారిలో ఎవరైనా 2003లో గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకులో నాలుగు డబ్బులు వేసి, ఆ ఖాతాను అలాగే ఉంచుకుని ఉంటే, ఇల్లు కదలకుండానే మూడు బ్యాంకుల ఖాతాదారు అయిపోయినట్టే.

రమేశ్ గెల్లి 1994లో సికింద్రాబాద్‌లో మొదలుపెట్టిన బ్యాంకు అది. కొత్త తరం ప్రైవేటు బ్యాంకు మనూళ్లో పుట్టిందని జనం మురిసిపోయారు. బ్యాంకు మాత్రం షేర్ల దళారి కేతన్ పరేఖ్ కంపెనీలను చూసి మురిసిపోయి అప్పులిచ్చింది. 2001 జనవరిలో యూటీఐ బ్యాంకుతో సంబంధం ఖాయం చేసుకుంది. ఇంతలో పరేఖ్ బండారం బయటపడింది. ఏప్రిల్ కల్లా పెళ్లి పెటాకులు! అలా తప్పించుకున్న పెళ్లికొడుకు ఇప్పుడు యాక్సిస్ బ్యాంకు పేరుతో నిక్షేపంలా ఉన్నాడు.

మిగిలిన కథ ఇంకా రంజుగా ఉంటుంది. ఆడిటర్లు సంతకం పెట్టిన లెక్కల్లో కళకళలాడిన నికర విలువ, రిజర్వు బ్యాంకు తనిఖీలో మైనస్‌లో తేలింది. 2004 జూలై 24, శనివారం. మారటోరియం. ఖాతాకు 10,000 రూపాయలు మించి తీయడానికి వీల్లేదు. కూతురి పెళ్లి పెట్టుకున్నవాడూ, కొడుకు ఫీజు కట్టాల్సినవాడూ ఒకే క్యూలో నిలబడ్డారు. సోమవారానికల్లా పేరయ్య వరుణ్ని వెతికి తెచ్చేశాడు: ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్. నికర మొండి బకాయిలు సున్నా అని పేరున్న బుద్ధిమంతుడు. ఆగస్టు 14న మూడుముళ్లూ పడ్డాయి. డిపాజిటర్ల డబ్బు భద్రం. వాటాదారులకు మాత్రం పైసా రాలేదు.

కొన్నాళ్లకు ఆ బుద్ధిమంతుడికీ మొండి బకాయిలు అంటుకున్నాయి. 2017లో రిజర్వు బ్యాంకు ఆంక్షల జాబితాకెక్కాడు. 2020 ఏప్రిల్ 1న అతణ్ని పంజాబ్ నేషనల్ బ్యాంకులో కలిపారు. అంతకు రెండేళ్ల ముందే వజ్రాల వ్యాపారి నీరవ్ మోదీ వేల కోట్లు ముంచాడని బయటపడిన బ్యాంకు అది! కేతన్ పరేఖ్‌కు అప్పులిచ్చిన బ్యాంకులో తెరిచిన ఖాతాకు ఇంతకంటే మంచి అత్తిల్లు ఎక్కడ దొరుకుతుంది?

తొందరపాటు మనకే సొంతం కాదు లెండి. 2007లో బ్రిటన్‌కు చెందిన ఆర్‌బీఎస్, మరో రెండు బ్యాంకులతో కలిసి ఏబీఎన్ ఆమ్రో బ్యాంకును సుమారు 7,100 కోట్ల యూరోలకు కొంది. కొనేముందు చూసుకోవడానికి అమ్మేవాళ్లు ఇచ్చినవి రెండు ఫైళ్లు, ఒక సీడీ. వనస్థలిపురంలో వంద గజాల ప్లాటు కొనేవాడు ఇంతకంటే ఎక్కువ లింకు డాక్యుమెంట్లు అడుగుతాడు. ఏడాది తిరక్కుండానే ఆర్థిక సంక్షోభం ముంచేసింది. ఆర్‌బీఎస్‌ను నిలబెట్టడానికి బ్రిటన్ ప్రభుత్వం 4,550 కోట్ల పౌండ్లు పోసింది. దాన్ని నడిపిన ఫ్రెడ్ గుడ్విన్‌కు ఇచ్చిన 'సర్' బిరుదును 2012లో వెనక్కి తీసుకున్నారు. డబ్బు వెనక్కి తీసుకోవడం అంత తేలిక కాదు కదా.

మన దగ్గర ప్రభుత్వ బ్యాంకుల విలీనాలకు ఇష్టమైన ముహూర్తం ఏప్రిల్ ఒకటి. 2017లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌కు, 2020లో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకుకు అదే రోజున బోర్డులు మారాయి. రెండోది లాక్‌డౌన్ మధ్యలో జరిగింది కాబట్టి పెళ్లికి జనం రాలేదని బాధపడనక్కర్లేదు.

ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలవకముందే జాగ్రత్తపరుడైన పెద్దాయన ఒకరు ఆంధ్రా బ్యాంకులో నాలుగు లక్షలు, యూనియన్ బ్యాంకులో నాలుగు లక్షలు విడివిడిగా వేసుకున్నారనుకుందాం. డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో ఒక మనిషికి 5 లక్షల వరకే. విలీనంతో రెండు బ్యాంకులూ ఒకటయ్యాయి గనక ఎనిమిది లక్షల మీదా కలిపి బీమా అయిదే. బీరువాలోని పాస్‌బుక్కులు ఓసారి బయటకు తీసి, అన్ని అట్టల వెనకా నిజంగా ఎన్ని బ్యాంకులు మిగిలాయో లెక్క చూసుకోండి.